డ్రైనేజీ అనే మాటలో రెండు నీళ్లు

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ వచ్చి తలుపు కొట్టారు. "బాబూ, ఒక్కసారి వచ్చి చూడు. బాత్‌రూంలోకి నీళ్లు కిందినుంచి వస్తున్నాయి" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే. నేల మీది జాలీలోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ ఉబికి వస్తున్నాయి. బయట గంటసేపటినుంచి కుండపోత. ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గుడ్డలన్నీ గడప దగ్గర కుక్కుతున్నారు.

మర్నాడు ప్లంబర్ వచ్చి కాంపౌండ్ వాల్ పక్కనున్న చాంబర్ మూత తీశాడు. లోపల రెండు పైపులు కనిపించాయి. ఒకటి ఇళ్లలోంచి వచ్చే మురుగునీటిది. రెండోది కొత్తది, తెల్లది. "సార్, టెర్రస్ మీది వాన పైపు తెచ్చి ఇందులో కలిపేశారు" అన్నాడు.

కలిపించింది మేమే. పైకప్పు నీళ్లు పక్కవాళ్ల గోడ మీద పడుతున్నాయని రెండేళ్ల కిందట మీటింగు పెట్టుకుని, "వాన పైపు డ్రైనేజీలో కలపాలి" అని తీర్మానం రాసుకున్నాం. ఏ డ్రైనేజీలో అని ఒక్కరూ అడగలేదు. పదిహేనేళ్లుగా సైట్ల మీద పనిచేస్తున్న నేనూ అడగలేదు. ఆ బాధే ఈ వ్యాసం రాయిస్తోంది.

మన వాడుకలో డ్రైనేజీ ఒక్కటే మాట. ఇంజనీర్ల లెక్కలో మాత్రం అవి రెండు వేర్వేరు వ్యవస్థలు. వంటింట్లోంచి, బాత్‌రూంలోంచి, మరుగుదొడ్లోంచి వచ్చేది మురుగునీరు. దాన్ని మోసేది భూమిలోపలి సీవర్ లైను. కప్పుల మీద, రోడ్ల మీద పడి పారేది వాననీరు. దాన్ని మోసేది వరదకాల్వ. ఇంజనీర్లు స్టార్మ్ వాటర్ డ్రెయిన్ అంటారు. మొదటిది శుద్ధి కేంద్రానికి వెళ్లాలి, రెండోది చెరువుకో వాగుకో వెళ్లాలి. లండన్‌లో పాత లైన్లు రెంటినీ కలిపే మోస్తాయి. మన దేశంలో కొత్తగా వేసే లైన్లను వేటికవే వేయాలన్నది నియమం.

ఎందుకు వేరుగా ఉండాలో మా బిల్డింగ్ లెక్కే చెబుతుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలని, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని డిజైన్లో లెక్క కడతారు. మావి 10 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురనుకుంటే రోజంతటికీ వచ్చే మురుగు 4,320 లీటర్లు. ఇక మా టెర్రస్ 300 గజాలు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే దాని మీదినుంచి దిగే నీళ్లు 12,500 లీటర్లు. దాదాపు మూడు రోజుల మురుగు ఒక్క గంటలో వచ్చినట్టు. మా ఒక్క బిల్డింగే అయితే వీధిలోని పైపు తట్టుకునేదేమో. కానీ వీధిలో చాలామంది చేసిన పని అదే. పైపు నిండిపోయాక నీళ్లు ఎక్కడ దారి దొరికితే అక్కడినుంచి పైకి వస్తాయి. వీధిలోని మూతకంటే పెద్దావిడ బాత్‌రూం నేల పల్లంలో ఉంది.

ఆ బాత్‌రూం నేలలో ఉన్న చిన్న వస్తువు గురించి కాస్త చెప్పాలి. దాన్ని ప్లంబర్లు నాని ట్రాప్ అంటారు. జాలీ తీసి చూస్తే లోపల గిన్నెలా ఉండి, ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉంటాయి. మురికి నిలిచిందనుకుని కొందరు దాన్ని గీకి ఖాళీ చేయాలని చూస్తారు. నిజానికి ఆ నీళ్లే తలుపు. పైపులోని దుర్వాసన, పురుగులు ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ రెండంగుళాలే. వేసవిలో నెలరోజులు ఊరెళ్లి వచ్చాక ఇల్లంతా కంపు కొడుతుందంటే ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయాయన్నమాట. ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు.

ట్రాప్ తర్వాత తెలియాల్సిన మాట వాటం. బాత్‌రూం నేలకు వాటం లేదంటే నీళ్లు జాలీ వైపు పోకుండా మూలన నిలుస్తాయని అందరికీ తెలుసు. భూమి కింది పైపుకూ అదే వాటం కావాలి, ఇంకా కచ్చితంగా కావాలి. సీవర్‌లో నీళ్లు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పోవాలి. అంతకంటే మెల్లగా పోతే మలం, ఇసుక, నూనె జిడ్డు అడుగున పేరుకుంటాయి. ఆ వేగంలో పోయే నీరు తన దారిని తానే కడుక్కుంటూ పోతుంది. సీవర్‌ను నడిపించేది మోటారు కాదు, ఈ వాటమే. పైపు మరీ లోతుకు వెళ్లిపోయిన చోట మాత్రమే పంపు పెట్టి పైకెత్తి మళ్లీ వదులుతారు.

వాటం కొలవడానికి మా మేస్త్రీలు వాడే సాధనం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పది పదిహేను మీటర్ల పారదర్శకమైన ట్యూబు, దాన్నిండా నీళ్లు. దాన్ని లెవెల్ పైపు అంటారు. ఒక కొస పట్టుకుని మేస్త్రీ ఈ గోడ దగ్గర నిలబడతాడు, రెండో కొస పట్టుకుని కుర్రాడు ఆ గోడ దగ్గర నిలబడతాడు. మధ్యలో గాలిబుడగ ఉంటే వేలితో తట్టి పోగొడతారు. నీళ్లు కాసేపు ఊగి ఆగుతాయి. ఆగిన చోట ఇద్దరూ పెన్సిల్‌తో గీత గీస్తారు. మధ్యలో మెట్లున్నా మట్టికుప్పలున్నా ఆ రెండు గీతలూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఇక అక్కడినుంచి కిందికి ఎంత దిగాలో టేపుతో కొలుచుకుంటారు. కదలని నీరు అన్ని వైపులా ఒకే మట్టంలో నిలుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చెరువు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వీధిలో సుమారు 30 మీటర్లకొకటి కనిపించే ఇనుప మూతల కింద ఉండేవి మ్యాన్‌హోళ్లు. పైపు మలుపు తిరిగే చోట, వాటం మారే చోట, రెండు లైన్లు కలిసే చోట ఇవి ఉండాలి. మనిషి దిగే గొయ్యి అనే అర్థం ఆ పేరులోనే ఉంది, దానివల్లే ఎంతో అనర్థం జరిగింది. లోపల గాలి ఆడక కుళ్లిన మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తే పోతుంది. వాసన పోయింది కదా అని ఇంకో రెండు మెట్లు దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు. అతణ్ని లాగడానికి దిగినవాడూ పోతాడు. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సీవర్లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దించడం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం ఆ పేరే మార్చి మెషీన్ హోల్ అనమంటోంది. నాకు ఆ మార్పు నచ్చింది. మీ ఇంటి ముందు ఎవరినైనా దించబోతుంటే దయచేసి ఆపండి. నీళ్లను ఒత్తిడితో కొట్టి పైపు శుభ్రం చేసే జెట్టింగ్ మెషీన్ వచ్చేదాకా ఆగుదాం, వాసన భరిద్దాం.

సీవర్ లైను లేని ఊళ్లలో ఉండేది సెప్టిక్ ట్యాంక్. దాని మీద మనకున్న నమ్మకం దాని పనికి మించింది. ట్యాంకులో మురుగు నిలిచినప్పుడు బరువైనది అడుగున బురదగా దిగుతుంది, జిడ్డు పైన తెట్టుగా కడుతుంది, గాలి అవసరం లేని సూక్ష్మజీవులు ఆ బురదను మెల్లగా జీర్ణం చేస్తాయి. మధ్యలో ఉన్న నీరు బయటికి పోతుంది. ఆ నీరు చూడ్డానికి పలచగా ఉన్నా మురికిలో సగానికి పైగా, రోగక్రిములు చాలావరకు ఇంకా అందులోనే ఉంటాయి. అందుకే ట్యాంకు పక్కన సోక్ పిట్, అంటే రాళ్లూ ఇసుకా నింపిన ఇంకుడు గొయ్యి తప్పనిసరిగా ఉండాలి. ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలి. చాలా ఊళ్లలో జరిగేది వేరు. సోక్ పిట్‌కు స్థలం లేదని ట్యాంకు పైపును రోడ్డు పక్క సైడుకాల్వలో కలిపేస్తారు. మేము వాననీటిని మురుగు పైపులో కలిపాం, వాళ్లు మురుగును వాననీటి కాల్వలో కలిపారు. అక్కడా చెప్పే మాట ఒకటే, "డ్రైనేజీలో కలిపాం."

ఆ సైడుకాల్వ చివరికి చేరేది చెరువునే. చెరువుకు జరిగే నష్టాన్ని బీఓడీ అనే కొలత చెబుతుంది. నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ప్రాణవాయువు ఎంతో చెప్పే లెక్క అది. మామూలు మురుగులో లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మన ఎండలకు శుభ్రమైన చెరువు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు లీటరుకు 7, 8 మిల్లీగ్రాములే. అంటే ఒక లీటరు మురుగు 30 లీటర్లకు పైగా మంచినీటిలోని ఊపిరిని లాగేస్తుంది. చెరువులో తెల్లారేసరికి చేపలు తేలడానికి తరచూ ఇదే కారణం. శుద్ధి కేంద్రంలో ఇదే పనిని మనం దగ్గరుండి చేయిస్తాం. మురుగులోకి గాలి ఊది సూక్ష్మజీవుల్ని పెంచి, ఆ బురదనే మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో కనిపెట్టారు. గాలి లేకుండా చేసే పద్ధతులూ ఉన్నాయి. హైదరాబాద్ అంబర్‌పేటలోని పాత కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అలాంటి కేంద్రానికి వచ్చే లైన్లలో వాననీరు కలిస్తే ఎంత పెద్దదైనా చాలదు, శుద్ధి కాని నీరు పక్కనుంచి వదిలేయాల్సి వస్తుంది.

ఇక వాననీటి సంగతి. మురుగు విషయంలో మాటలన్నీ అరువు తెచ్చుకున్నాం గానీ వాన విషయంలో మనకు ఆ అవసరమే లేదు. కట్ట, తూము, ఆయకట్టు, గొలుసుకట్టు అన్నీ మన మాటలే. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటును తెలంగాణలో మత్తడి అంటాం, కోస్తాలో అలుగు, కళింగ అంటారు, సీమలో మరవ అంటారు. మత్తడి దుంకిందంటే ఊరికి పండగే. ఆ దుంకిన నీరు కింది చెరువుకు పోయే దారి పేరు వాగు, కాల్వ, హైదరాబాద్‌లో నాలా. నాలా అంటే రెండు చెరువుల్ని కలిపే నీటిదారి. ఇప్పుడు ఆ మాట వినగానే ముక్కు మూసుకుంటున్నాం. ప్లాట్ల ప్రకటనల్లో కనిపించే "నాలా కన్వర్షన్"కు దీనికి సంబంధం లేదు. వ్యవసాయేతర భూమి పన్నుకు ఇంగ్లిష్‌లో ఉన్న పేరులోని పొడి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. కొనేవాళ్లు రెంటినీ కలిపేసుకుని, నాలా క్లియర్ అయిందంటే నీటిదారి బెడద లేదనుకుంటారు.

ఎఫ్‌టీఎల్ అనే మాట ఇప్పుడు పేపర్లలో రోజూ వస్తోంది. నిండు చెరువు మట్టం అని అర్థం. దాన్ని తేల్చేది మత్తడే. నీరు మత్తడి అంచును తాకి, ఇక పొర్లబోతుండగా ఆగినప్పుడు ఎక్కడిదాకా పరుచుకుంటుందో ఆ గీతే ఎఫ్‌టీఎల్. హుస్సేన్‌సాగర్‌కు ఆ మట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్లు. లెవెల్ పైపు గుర్తుందా? ఒక కొస మత్తడి అంచు మీద పెట్టి, రెండో కొస పట్టుకుని చెరువు చుట్టూ ఒకే ఎత్తులో నడుచుకుంటూ వచ్చారనుకోండి, మీరు నడిచిన దారే ఆ గీత. మ్యాపుల్లో దాన్నే కాంటూర్ అంటారు. ఎఫ్‌టీఎల్ గీత దాటాక కూడా 10 హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలని తెలంగాణ భవన నిబంధనలు చెబుతున్నాయి. వరసగా నాలుగేళ్లు వానలు తగ్గితే శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు పరుచుకునే నేల, ఎండి ఇంటి స్థలంలాగే కనిపిస్తుంది. లేఅవుట్ గీయడం అప్పుడే జరుగుతుంది. తర్వాత 2020 అక్టోబర్ 13 లాంటి రోజొకటి వస్తుంది. ఆ రోజు హైదరాబాద్ తూర్పు వైపు వాన 30 సెంటీమీటర్లు దాటిన చోట్లున్నాయి. నీళ్లు తమ పాత గీతదాకా వచ్చి నిలిచాయి.

అంతకంటే పెద్ద పాఠం 1908 సెప్టెంబర్ 28న మూసీ నేర్పింది. ఆ వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది బతికారని చెబుతారు. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు తేలాయి. వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టులో పైచెరువు కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కిందిదాని మీద పడుతుంది. ఆయన సలహా మీదే మూసీపై ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం రాసిచ్చింది కూడా ఆయనే. వరద ఒక పని, మురుగు వేరే పని అని ఆయన కాగితం మీద అప్పుడే విడదీశారు.

ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. మట్టీ చెట్లూ ఉన్న నేల అందులో చాలా తాగేస్తుంది. సిమెంటు వేస్తే పదింట తొమ్మిది వంతులు అప్పటికప్పుడే వీధిలోకి వస్తాయి. లాండ్‌స్కేప్ ప్లానింగ్ అంటే పూలకుండీలు, లాన్లు అనుకుంటాం. ఏ నేల ఎంత తాగాలో, తాగగా మిగిలింది ఎటు నడవాలో ఇళ్లు కట్టకముందే నిర్ణయించడం అందులో అసలు పని.

ఆ ఆదివారం ప్లంబర్ మా తెల్ల పైపును కోసి, చాంబర్‌లోని రంధ్రాన్ని సిమెంటుతో మూసేశాడు. పైపును పార్కింగ్ వెనక తవ్వించిన ఇంకుడు గుంతలోకి తిప్పాం. గుంత నిండితే పొర్లిన నీళ్లు వీధి వరదకాల్వలోకి పోయేలా ఇంకో చిన్న పైపు పెట్టాం. పెద్దావిడ బాత్‌రూం లైనుకు వెనక్కి నీళ్లు రాకుండా ఆపే వాల్వు బిగించాం. తర్వాతి రెండు వారాలు ఆవిడే ఇంటింటికీ తిరిగారు. "మీ టెర్రస్ పైపు ఎందులో కలుస్తోందమ్మా? వానకాల్వలోనా, మురుగు పైపులోనా?" అని అడిగారు. చాలామంది డ్రైనేజీలో అనే చెప్పారు. ఆవిడ గేటు దగ్గరే నిలబడి, చాంబర్ మూత తీయించి, వాళ్లకే చూపించారు. మా వీధిలో ఇప్పటికి ఆరు ఇళ్లవాళ్లు పైపు మార్చారు. ఇంకా ఇరవైకి పైగా ఉన్నాయి.