గేర్ బాక్స్ రిపేరు ఎంతవుద్ది? ఎస్టిమేట్ గురించి జనంలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

రావులపాలెం దగ్గర షెడ్డులో ఇరవై ఏళ్ల నుంచి గేర్ బాక్సులు దించి ఎక్కించడమే నా పనండి. రోజూ ఫోన్లు వస్తాయి, "బాబాయ్, గేర్ బాక్స్ మోగుతోంది, ఎంతవుద్ది?" అని. చెప్పకపోతే ఏదో దాస్తున్నానని అనుకుంటారు, చెప్తే ఆ అంకె పట్టుకుని కూర్చుంటారు, అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నా.

అపోహ: అనుభవం ఉన్నోడు సౌండ్ వినే రేటు చెప్పేస్తాడు.

వాస్తవం: సౌండ్ వింటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది గానీ లోపల ఎంత పాడైందో తెలీదండి. బండి న్యూట్రల్లో ఉన్నప్పుడు మోత వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిందంటే ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బాక్స్ లోపలికి తిప్పుడు తెచ్చే కడ్డీ) బేరింగ్ మీద అనుమానం. తొక్కినప్పుడే మోత మొదలైతే రిలీజ్ బేరింగ్, అంటే క్లచ్‌ని విడదీసే బేరింగ్. మూడో గేరొక్కటే ఊడొచ్చేస్తుంటే గేరుని జరిపే ఫోర్కో, ఆ గేరు పళ్లో. అదే అన్ని గేర్లూ గట్టిగా పడుతుంటే ముందు క్లచ్చే చూడాలి. ఇంతవరకు బయట నుంచి పట్టుకోవచ్చు, కానీ బేరింగ్ పగిలి ఆ ముక్కలు గేర్ల మధ్యలోకి పోయాయా లేదా అన్నది బాక్స్ విప్పితేనే తెలుస్తుంది, ఖర్చంతా అక్కడే తేలుద్ది.

పోయినేడు ఆత్రేయపురం వైపు నుంచి ఒక రైతు బండి తెచ్చారు. వేరే చోట "గేర్ బాక్స్ మొత్తం పోయింది, 45 వేలవుద్ది" అన్నారంట, కొబ్బరికాయల డబ్బులు ముందే అడ్వాన్సు తెచ్చేసుకున్నారు పాపం. చూస్తే క్లచ్ పూర్తిగా విడవట్లేదు, పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ లీకు. గేర్ బాక్స్ దించే పనే పడలేదు. ఆ రోజు ఆయన మొహం నాకింకా గుర్తుంది.

అపోహ: అందరికంటే తక్కువ చెప్పినోడి దగ్గర చేయిస్తే లాభం.

వాస్తవం: అంకెలు కాదండీ, ఆ అంకెలో ఏమేం ఉన్నాయో అడగండి. దించి, విప్పి, మళ్లీ బిగించే లేబర్ ఉందా? ఆయిల్ సీళ్లు, గేర్ ఆయిల్ కలిపారా? బేరింగులు ఒరిజినలా లోకలా? క్లచ్ ప్లేట్ చివరికొచ్చి ఉంటే ఇప్పుడే వేయించుకోవాలి, లేదంటే ఆర్నెల్లకి మళ్లీ అదే బాక్స్ దించాలి, లేబర్ రెండోసారి కట్టాలి. పాత బిల్లుతో పోల్చేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలా పార్టులకి 28 ఉండేది.

నేనైతే ఎస్టిమేట్ రెండు దఫాలుగా ఇస్తా. ముందు దించి విప్పడానికి ఎంత, విప్పాక మీరు వద్దంటే ఎంత కట్టాలి, ఇది కాగితం మీద. తర్వాత పార్టులన్నీ కడిగి ట్రేలో పరిచి, వాట్సాప్‌లో వీడియో పెట్టి, మార్చాల్సినవి పార్ట్ నంబర్లతో సహా రాసిస్తా. మీరు ఎక్కడ చేయించినా సరే ఇలాగే అడగండి, "ఇంతకు మించితే ఫోన్ చేయకుండా చేయొద్దు" అని ఒక అంకె కూడా రాయించుకోండి.

అపోహ: ఆయిల్ తీసి చూస్తే ఏం తెలుస్తుంది?

వాస్తవం: చాలా తెలుస్తుందండి! చాలా బాక్సుల్లో డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటుంది. దాన్ని తెల్ల గుడ్డ మీద తుడవండి. బూడిద రంగులో మెత్తగా పేస్టులా అంటితే అది మామూలు అరుగుదలే. గోరుకి తగిలే ఇనప ముక్కలొస్తే గేరు పళ్లో బేరింగో విరిగినట్టు. ఆయిల్లో పసుపు రంగు మెరుపులు కనిపిస్తే సింక్రో రింగులు (గేరు సాఫీగా పడేలా చేసేవి) అరిగినట్టు, అవి ఇత్తడి కాబట్టి అయస్కాంతానికి అంటవు. దించకముందే, పెద్ద ఖర్చా చిన్న ఖర్చా అన్నది సగం ఇక్కడే తేలిపోద్ది.

అపోహ: వరద నీళ్లు ఇంజన్లోకి పోలేదు కాబట్టి గేర్ బాక్స్‌కి ఏం కాదు.

వాస్తవం: గేర్ బాక్స్‌కి పైన గాలి వదిలే బ్రీదర్ ఉంటుంది. వేడిగా ఉన్న బాక్స్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే ఆ బ్రీదర్ లోంచే నీళ్లు లోపలికి లాగుద్ది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి లంక గ్రామాల్లో మునిగిన బండ్లు ఎన్నో చూశా, ఆయిల్ తీస్తే పాలు కలిపిన టీలా వచ్చింది. వెంటనే ఆయిల్ మార్చినోళ్లు బయటపడ్డారు, నడుస్తోంది కదా అని వదిలేసినోళ్లకి బేరింగులు తుప్పు పట్టేశాయి. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకైతే ఉప్పునీళ్ల బాధ ఏడాదంతా ఉంటుంది, వాళ్లు ఆయిల్ ఇంకా తరచుగా చూసుకోవాలి.

అపోహ: ఆటోమేటిక్ పాడైందంటే మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ (క్లచ్ పెడల్ లేని ఒక రకం ఆటోమేటిక్) లోపల మామూలు మాన్యువల్ గేర్ బాక్సే ఉంటుందండి, క్లచ్, గేరు వేసే పని యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది. లోపం చదివే స్కానర్ పెట్టకుండా ఎవరైనా మొత్తం మార్చే రేటు చెప్తే ఒప్పుకోకండి. సీవీటీ (గేర్లకి బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) సంగతి వేరు, బెల్ట్ దెబ్బతింటే నిజంగానే పెద్ద ఖర్చు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉందిగా.

వాస్తవం: అరుగుదలకి రాదు. నీళ్ల వల్ల పాడైతే దానికోసం యాడ్-ఆన్ తీసుకుని ఉండాలి, పాలసీ కాగితం తీసి చూసుకోండి.

ఫోన్ చేసేటప్పుడు మోడల్, ఏ సంవత్సరం బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మోత ఎప్పుడొస్తుంది, ఇవి చెప్పండి. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్ ఫోటో పంపితే ఇంకా మంచిది, ఒకే మోడల్లో ఏడాది మారితే బేరింగ్ సైజులు కూడా మారొచ్చు, ఆ నంబర్ ఉంటేనే పార్టుల షాపువాడు సరైన రేటు చెప్పగలడు.