ఎన్నికల ఖర్చు లెక్కలు: అపోహలు - వాస్తవాలు

నేను ఆడిటర్‌ని. ఎన్నికలొస్తే అభ్యర్థుల ఖర్చు లెక్కలు రాసిపెడతాను. ఆ రోజుల్లో నా చెవిన పడే మాటలివి.

అపోహ: అభ్యర్థి ఎంత రాసుకుంటే అంతే లెక్క.

వాస్తవం: అంత తేలిక కాదు. మాకిచ్చే రిజిస్టర్‌లో రోజువారీ ఖర్చుకు తెల్ల పేజీలు, నగదుకు గులాబీవి, బ్యాంకుకు పసుపువి ఉంటాయి. మేం ఇది నింపుతుంటే, అటు అధికారులు మా సభల వీడియోలు చూసి, మా ఖర్చును విడిగా లెక్కగట్టి షాడో రిజిస్టర్ రాస్తుంటారు. ప్రచారంలో కనీసం మూడుసార్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఓసారి మేం 200 కుర్చీలు రాశాం. వీడియోలో 340 తేలాయి. ‘మిగతావి పక్క ఫంక్షన్ హాలువి సార్’ అన్నాడు మావాడు. అధికారి నవ్వి, ఏ వస్తువుకు ఎంత ధర కట్టాలో ఉండే రేట్ చార్ట్ తీసి తేడా కలిపేశారు.

అపోహ: అయితే పరిమితి దాటితే దొరికిపోతారు.

వాస్తవం: మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. అది అభ్యర్థికే, పార్టీ ఖర్చుకు హద్దు లేదు. రాత్రిళ్లు పంచే కవర్లకు ఓచరుండదు. దారిలో పట్టుబడితే తప్ప అవి ఏ రంగు పేజీలోకీ రావు.

అపోహ: ఎన్నికల బాండ్లు బ్యాంకులో కొన్నవే కదా, దాపరికం ఎక్కడిది?

వాస్తవం: అవి పార్టీలకు విరాళంగా ఇచ్చిన పత్రాలు. ఎవరు కొన్నారో బ్యాంకుకు తెలుసు, ఓటరుకు తెలియదు. గొడవంతా అదే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు పెట్టింది. కొన్నవాళ్లది ఒకటి, సొమ్ము చేసుకున్న పార్టీలది ఒకటి. ఆ రాత్రి నేనూ ఎక్సెల్‌లో తేదీలు పట్టుకుని జత కలపబోయాను. కోటి రూపాయల బాండ్లన్నీ ఒకేలా కనిపిస్తుంటే ఏది ఎవరిదని చెప్పను? కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక 21న ఒక్కో బాండుకూ విడిగా ఉండే నంబర్లు బయటికొచ్చాయి. అప్పుడు గానీ ఎవరి డబ్బు ఏ పార్టీకి చేరిందో తేలలేదు. అవినీతిని పట్టాలంటే మొత్తాలతో పనిలేదు, ఆ నంబరు కావాలి.

అపోహ: బాండ్లు పోయాయి, ఇక అంతా బహిరంగమే.

వాస్తవం: 20 వేలు దాటని విరాళాలిచ్చిన వాళ్ల పేర్లు పార్టీలు ఇప్పటికీ చెప్పనక్కర్లేదు.

అపోహ: ఈ లెక్కలు మామూలు జనానికి చూపించరు.

వాస్తవం: ఫలితం వచ్చిన 30 రోజుల్లో అభ్యర్థి తన లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఒక్క రూపాయి ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. నేను రాసినవాటిని చూస్తామని వెళ్లింది, నాకు తెలిసి, ఓడిపోయినవాళ్ల లాయర్లే.