రంపం బిగుసుకోకుండా: ఒంటరిగా కట్టెలు కోయడానికి కత్తెర గుంజలు

మామిడి తోటలో పడిన కొమ్మను ఇద్దరు కోస్తుంటే ఆ రెండో మనిషి ఏం చేస్తున్నాడో గమనించండి. రంపం లాగడం అతని పనిలో సగమే. గాటు మూసుకుపోతోందనిపించగానే దుంగ కొసను కాస్త పైకెత్తుతాడు, దొర్లుతుంటే కాలు అడ్డం పెడతాడు. ఒంటరిగా కోసేవాడికి కావలసింది ఈ రెండు పనులూ చేసే స్టాండు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో నీళ్ల అండా కింద పెట్టే కట్టెలు చాలావరకు ముసలి మామిడి కొమ్మలు, చింత, వేప, సర్కారు తుమ్మే. వీటిలో తిన్నగా పెరిగేది తక్కువ, కాబట్టి పట్టు మరీ అవసరం.

రంపం ఎందుకు బిగుసుకుంటుందో ముందు తెలియాలి. రెండు రాళ్ల మీద రెండు కొసలూ ఆనించిన దుంగ నడుమ కంటికి కనపడనంత కుంగుతుంది. అప్పుడు పై నారలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, అడుగు నారలు సాగుతాయి. పైనుంచి కోసేకొద్దీ మిగిలిన చెక్క పలచనవుతుంది, కుంగు పెరుగుతుంది, గాటు అంచులు దగ్గరై రంపాన్ని పట్టేస్తాయి. అదే దుంగ కొస ఆనికను దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే, కొస బరువుకు పై నారలు సాగి గాటు తెరుచుకుంటుంది. ముక్క దానంతటదే కింద పడుతుంది. స్టాండు ఏ రకమైనా సూత్రం ఒకటే: కోత ఆనికల నడుమ కాదు, ఆనిక బయట.

చవకైనదీ, మా లెక్కలో మంచిదీ కత్తెర గుంజలే, అంటే X ఆకారంలో దాటించి బిగించిన కట్టెలు. ఇంటి స్లాబులకు సెంట్రింగుకు వాడే సరుగుడు కట్టెలు (కొందరు సవుకు అంటారు) దీనికి సరిపోతాయి. 3 అంగుళాల లావువి, 4 అడుగుల పొడవున ఆరు ముక్కలు తీసుకోండి. కింది కొస నుంచి 80 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, రెండేసి ముక్కలను ఆ గుర్తు దగ్గర 90 డిగ్రీల కోణంలో ఒకదాని మీద ఒకటి దాటించి 12 మిల్లీమీటర్ల బోల్టుతో బిగించాలి. రెండు గుంజల మందం 15 సెంటీమీటర్లు, కాబట్టి బోల్టు పొడవు 18 ఉండాలి. రెండు వైపులా పెద్ద వాషర్లు వేయకపోతే నట్టు కట్టెలోకి దిగిపోతుంది. పైన దుంగ కూర్చునే V ఆకారపు లోయ నేలకు సుమారు 2 అడుగుల ఎత్తులో వస్తుంది. 20 సెంటీమీటర్ల దుంగ పెడితే దాని పైభాగం 85 సెంటీమీటర్ల దగ్గర, అంటే నడుము కన్నా కొంచెం కింద ఉంటుంది. చేతి రంపానికి ఇది హాయి. చైన్ రంపానికైతే ఇంకో అరడుగు తగ్గించినా నష్టం లేదు.

కోణం 90 ఎందుకంటే, అప్పుడు ఒక్కో గుంజ మీద పడే ఒత్తిడి దుంగ బరువులో 70 శాతం చొప్పున ఉంటుంది. 60 డిగ్రీలకు బిగిస్తే ఒక్కో గుంజ మీదా బరువంతా పడి, దుంగ చీలలా దిగి ఇరుక్కుంటుంది. 120కి తెరిస్తే ఒత్తిడి తగ్గుతుంది కానీ రంపం లాగిన ప్రతిసారీ దుంగ దొర్లుతుంది.

ఒక్క బోల్టు మీద నిలిచిన కత్తెర బరువుకు కాళ్లు చాపేస్తుంది. అందుకే నేలకు ఒక జానెడు ఎత్తులో కాళ్ల మధ్య అడ్డపట్టీ కావాలి. మడిచి పెట్టుకోవాలంటే పట్టీ బదులు గొలుసు చాలు. మూడు కత్తెరలనూ 30 సెంటీమీటర్ల ఎడంగా వరసలో నిలబెట్టి, కింద రెండు వైపులా వరస పొడవునా పట్టీలు కొట్టండి. ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. రంపం ఊపుకు నాలుగు మూలల చట్రం పక్కకు వాలిపోతుంది, త్రికోణం వాలదు. కాబట్టి ఒక్కో వైపు ఒక్కో ఏటవాలు పట్టీ తప్పనిసరి.

ఇప్పుడు బరువు సంగతి. పచ్చి మామిడి కట్టెను అంతే పరిమాణం నీళ్ల బరువుగా లెక్కేస్తే, 2 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల లావు దుంగ 35 కిలోలు తూగుతుంది. 20 సెంటీమీటర్లయితే 63, 30 అయితే 140 దాటుతుంది. లావు రెట్టింపైతే బరువు నాలుగింతలు! ఒంటరిగా మొత్తం ఎత్తకండి. ఒక కొసను లోయలో ఆనించి, తర్వాత రెండో కొస ఎత్తితే ఒకసారికి సగం బరువే చేతి మీద పడుతుంది. 25 సెంటీమీటర్ల లావు దాటినవాటిని నేల మీదే, కింద కట్టెముక్క పెట్టి కోయడం మేలు.

కోత వరుస తప్పితే స్టాండు ఎంత బాగున్నా దుంగ తలకిందులవుతుంది. 2 మీటర్ల దుంగను నడి కత్తెర మీదికి సరిగ్గా సగం వచ్చేలా పెట్టారనుకోండి. చివరి కత్తెరలు నడుమ నుంచి చెరో 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. కుడి నుంచి 33 సెంటీమీటర్ల ముక్క కోస్తే బరువు కేంద్రం ఎడమకు 16.5 జరుగుతుంది, ఇంకా లోపలే ఉంది. మళ్లీ కుడినే కోస్తే 33కు చేరి, ఎడమ కత్తెరను దాటేస్తుంది. దుంగ ఎడమకు లేచి పడుతుంది. కుడి ఒకటి, ఎడమ ఒకటి, కుడి ఒకటి, ఎడమ ఒకటి, ఇలా పోతే కేంద్రం ఎప్పుడూ లోపలే. చివర మిగిలే 68 సెంటీమీటర్ల ముక్కను నడి కత్తెరకు నాలుగు వేళ్ల పక్కన కోయండి. మూడో కత్తెర పెట్టింది ఆనికల నడుమ కోయాల్సి వచ్చే ఈ ఒక్క కోత కోసమే.

వంకర దుంగైతే పొట్ట కిందికి ఉండాలి. వంపు పైకి పెడితే బరువు కేంద్రం ఎత్తులో ఉండి, రంపం తగలగానే తిరగబడి తనకు తానే పొట్ట కిందికి తెచ్చుకుంటుంది. ఆ తిరగడంలో రంపం మెలి తిరుగుతుంది. సర్కారు తుమ్మకు లోయ సరిపోదు, లారీ లోడుకు కట్టే రాట్చెట్ బెల్టుతో కత్తెరకు బిగించాల్సిందే.

వెల్డింగ్ షాపులో ఇనుప యాంగిల్‌తో చేయించుకోవచ్చు, ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ చైన్ ఒక్కసారి యాంగిల్‌కు తగిలితే పళ్లు మొద్దుబారతాయి. లోయ లోపలి అంచులకు చెక్కపట్టీలు బిగించి, కోతకు గురైనప్పుడల్లా మారుస్తుండాలి. ఒక కొసనే పళ్ల దవడతో పట్టి, మిగతా దుంగను గాలిలో నిలిపే రకాలూ దొరుకుతాయి. గాటు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, నిజమే. అయితే బరువంతా ఒక పక్కకే లాగుతుంది కాబట్టి 15 సెంటీమీటర్ల లోపు, మీటరు పొడవు కట్టెలకే అవి నమ్మకం.

చైన్ రంపం ముక్కు పైభాగం కట్టెకో గుంజకో తగిలితే రంపం మొహం మీదికి ఎగురుతుంది. అందుకే కోసేచోటుకు అవతల మరో కొమ్మ పొడుచుకు రాకూడదు. కోత ఒంటరిగా చేసినా, కేకేస్తే వినిపించే దూరంలో ఎవరో ఒకరు ఉండాలి. మామిడి జిగురు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కొమ్మలు కాక మానునే కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చాలా చెట్లకు అనుమతి కావాలి. ఎర్రచందనం జోలికైతే అసలు పోవద్దు.

పచ్చి సరుగుడుతో చేసిన కత్తెరలు ఎండేకొద్దీ కుంచించుకుని బోల్టులు వదులవుతాయి. మొదటి వారం తర్వాత ఒకసారి, నెలకు ఇంకోసారి బిగించాలి. మేకులతో కొట్టినవైతే ఆ నెల కూడా ఆగవు. వానాకాలంలో మట్టి నేల మీద కాళ్లు ఒకే వైపు దిగబడకుండా ఒక్కో కాలి కింద ఒక పలక రాయి వేయండి.