దీపాలదిన్నె: రాళ్లు పోయాక మిగిలిన కొలతలు

గుంటూరు నుంచి బస్సులో వచ్చి అమరావతిలో దిగినవాళ్లు చాలామంది అడిగేది ఒకటే: "స్తూపం ఏదండీ?" అప్పటికి వాళ్లు దాని పక్కనే నిలబడి ఉంటారు. ఎదురుగా గుండ్రటి దిమ్మె, కొన్ని విరిగిన పలకలు, పచ్చిక. పుస్తకాల్లో చూసిన శిల్పాల్లో కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి, వందకు పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, మరికొన్ని ఆ ఊరి మ్యూజియంలోనే ఉన్నాయి. ఇంకొన్ని ఎక్కడా లేవు. సున్నం బట్టీలో కాలిపోయాయి.

లేజర్ స్కానర్లతో, డ్రోన్లతో పాత కట్టడాలను కొలిచి వాటి జబ్బేమిటో పట్టుకునే పని గురించి ఇప్పుడు మన దగ్గర కూడా మాట వినబడుతోంది. యంత్రాలు కొత్తవే. తగువు మాత్రం పాతది: కదిలించే ముందు కొలిచారా, కదిలించాక కొలిచారా?

1790లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి అమరావతిలో కొత్త ఊరు కట్టించారు. ఇటుకా రాయీ కావాలి. జనం దీపాలదిన్నె అని పిలిచే ఈ స్తూపం దిబ్బలో అవి సిద్ధంగా దొరికాయి. ఆ తవ్వకం కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసి వెళ్లారు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు గొయ్యి కనిపించింది. అప్పుడాయన చేసిన మంచి పని, చిత్రకారులను కూర్చోబెట్టి పలకలను ఒక్కొక్కటిగా గీయించడం, స్తూపం నేల పటం తీయించడం. ఆ ఆల్బం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులోని కొన్ని పలకలు తర్వాత ఎవరికీ కనబడలేదు. వాటికిక ఆ పెన్సిలు గీతే దిక్కు.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో ఫొటోగ్రాఫర్ లినియస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశారు. మరుసటి ఏడాది అవి ఓడెక్కాయి. లండన్‌లోనూ గౌరవమేమీ దక్కలేదు. కట్టడాల చరిత్రకారుడు ఫెర్గుసన్ వెతికితే బండ్ల కొట్టంలో బయటపడ్డాయి. ఇక్కడ మిగిలిన దిన్నెను 1877లో మద్రాసు ప్రభుత్వ అధికారి సీవెల్ కొంత తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆదేశంతో దాన్ని మొత్తం ఊడ్చేశారు. 1881 చివర్లో పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చి చూస్తే ఉన్నది పెద్ద గొయ్యి. ఏ పలక ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉండేదో చెప్పే ఆనవాలు చాలావరకు దానితోనే పోయింది. రాళ్లు లండన్ వెళ్లడం కన్నా ఇదే పెద్ద నష్టమని నా లెక్క. రాళ్లు కనీసం అడిగితే కనబడతాయి.

ట్రైప్ మద్రాసులో కెమెరా నిలబెట్టిన 1858లోనే జర్మనీలో మైడెన్‌బావర్ అనే యువకుడు వెట్స్‌లార్ చర్చి కొలతలు తీసుకుంటూ పైనుంచి పడబోయి తప్పించుకున్నాడు. ప్రాణం మీదికి తెచ్చుకునే బదులు ఫొటోల మీదే కొలవలేమా అనే ఆలోచన అక్కడ పుట్టింది. దానికే ఫొటోగ్రామెట్రీ అని పేరు. నేడు ఒకే శిల్పాన్ని ఒకదానిమీద ఒకటి కొంత పడేలా వందల ఫొటోలు తీస్తే కంప్యూటరు వాటిలోంచి త్రీడీ రూపం కడుతుంది. లేజర్ స్కానర్ అయితే గోడంతా కోట్ల చుక్కలుగా కొలుస్తుంది. పారిస్ చర్చి నోత్ర్‌దామ్‌ను కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లో అలా స్కాన్ చేసి ఉంచారు. 2019 ఏప్రిల్‌లో కప్పు కాలిపోయాక ఆ కొలతలు పునర్నిర్మాణానికి పనికొచ్చాయి.

అరిగిన అక్షరాన్ని పక్కవాటు వెలుగులో చదవడం మన శాసన పరిశోధకులకు చేతనైన విద్యే. 2001లో హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం దాన్నే కంప్యూటరుకు అప్పగించింది. కెమెరా కదలదు, వెలుగు మాత్రం చుట్టూ తిరుగుతుంది. తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసే అచ్చుకు రాయిని తాకక తప్పదు. పొరలు లేచిన రాయి మీద ఆ దెబ్బలు ప్రమాదం. వెలుగు తిప్పే పద్ధతిలో ఆ భయం లేదు.

ముందు కొలిచి తర్వాత పోగొట్టుకున్న చోటూ మనకుంది. నాగార్జునకొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, గీసి, ఫొటోలు తీసి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ జలాశయం ఒడ్డునున్న అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. మిగిలినవాటిని మళ్లీ వెళ్లి చూసే వీల్లేదు. అప్పటి పటాల్లో లేని వివరం ఇక లేనట్టే.

జబ్బు పట్టడం ఇంకో సంగతి. అమరావతి శిల్పాలు 'మార్బుల్స్'గా పేరుపడ్డా అవి పలనాటి సున్నపురాయి. ఆమ్లం తగిలితే కరుగుతుంది. రాయిలో ఊరిన నీరు ఆరేటప్పుడు ఉప్పు గడ్డకట్టి పైపొరను లేపుతుంది. విజయవాడలో సొంతిల్లున్న ఎవరికైనా ఉప్పు తేలిన గోడ గురించి వేరే చెప్పనక్కర్లేదు. థర్మల్ కెమెరాలో తడి ఉన్నచోటు చల్లగా, వేరే రంగులో కనబడుతుంది. ఉండవల్లి, మొగల్రాజపురం గుహల వంటి చోట కొండలోంచి నీరు ఎటు దిగుతోందో రాయిని గోకకుండా వెతకడానికి ఇది సాధనం.

కానీ ఒక్కసారి స్కాన్ చేస్తే అది ఫొటో మాత్రమే. పగులు పెరుగుతోందా, ఆగిందా అన్నది రెండో స్కాన్ చెబుతుంది, అదీ మొదటిదానికి వాడిన గుర్తుల నుంచే కొలిస్తే. వెనకటికి పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించి అది చిట్లిందా లేదా అని చూసేవారు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలింది. అది నిట్టనిలువునా చీలి ఉన్న సంగతి ముందే అందరికీ తెలుసు. చీలిక కనబడక కాదు, దాన్ని వరసగా కొలిచి వేళకు మందు వేయక వచ్చిన ముప్పు.

లండన్, చెన్నై, అమరావతి పలకలను ఒకే కొలమానంతో స్కాన్ చేసి తెర మీద ఒక్కచోట నిలబెట్టడం ఇవాళ సాధ్యమే. అప్పుడు ఏ పలక పక్కన ఏది వస్తుందో తేల్చడానికి మళ్లీ మెకంజీ పటాలే తెరవాలి. ఆ కాగితాలు రెండు వందల ఏళ్లకూ తెరుచుకుంటున్నాయి. ఇప్పటి స్కాన్ ఫైళ్లు ఏ ఫార్మాట్‌లో, ఎన్ని ప్రతులుగా, ఎవరి దగ్గర ఉంటాయో పని అప్పగించే కాగితంలోనే రాసుకోవాలి. గుంటూరులో చదువుకునే పిల్లలు వాటిని ఎవరి అనుమతీ అడక్కుండా తెరవగలరా అన్నది కూడా అందులోనే ఉండాలి.