థైరాయిడ్ గడ్డ: సూది పరీక్ష ఎప్పుడు, ఆగి చూడటం ఎప్పుడు?

స్కానింగ్ రిపోర్టులో ‘టిరాడ్స్ 4’ (థైరాయిడ్ గడ్డ క్యాన్సర్‌లా ఎంత అనుమానంగా కనిపిస్తోందో 1 నుంచి 5 వరకు చెప్పే అంకె) అని చూడగానే కొందరు “ఇవాళే ముక్క తీసి పరీక్షకు పంపండి డాక్టరుగారూ” అంటూ వస్తారు. ఇంకొందరు అదే కాగితాన్ని బీరువాలో దాచి రెండేళ్ల తర్వాత తెస్తారు. ఇద్దరిదీ భయమే.

అపోహ: అనుమానం ఉంటే వెంటనే సూది గుచ్చాల్సిందే.

వాస్తవం: గడ్డ తీరు, సైజు రెండూ కలిపి చూస్తాం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017 పద్ధతిలో టిరాడ్స్ 3కి 2.5 సెం.మీ., 4కి 1.5, 5కి 1 సెం.మీ. లేదా అంతకుమించి ఉంటే సూది పరీక్ష. టిరాడ్స్ 5 గడ్డ 5 మి.మీ. నుంచి 1 సెం.మీ. లోపుంటే ఏడాదికోసారి స్కానింగ్.

అపోహ: ఆగితే ముదిరిపోతుంది.

వాస్తవం: థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే పాపిల్లరీ రకం సాధారణంగా చాలా నెమ్మది. జపాన్‌లోని కోబేలో కుమా ఆసుపత్రి 1993 నుంచి, క్యాన్సరని తేలిన 1 సెం.మీ. లోపు గడ్డలను కూడా, ప్రమాద లక్షణాలు లేకుంటే, ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ వచ్చింది. 2014లో వెల్లడించిన 1,235 మంది ఫలితాల్లో పదేళ్లకు 3 మి.మీ. లేదా అంతకుమించి పెరిగినవి 8 శాతం, మెడలోని లింఫు గ్రంథులకు పాకినవి 3.8 శాతం. ఆ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు. దక్షిణ కొరియాలో మాత్రం ఏ లక్షణాలూ లేనివారికీ పెద్దఎత్తున మెడ స్కానింగులు చేయడంతో 2011 నాటికి కేసులు 1993 కంటే 15 రెట్లయ్యాయి, మరణాలు తగ్గలేదు. ఎందరో అవసరం లేకుండానే థైరాయిడ్ గ్రంథిని పోగొట్టుకుని జీవితాంతం మాత్ర వేసుకోవాల్సి వచ్చింది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అయితే లింఫు గ్రంథులు అనుమానంగా ఉన్నా, గొంతు బొంగురుపోయినా, గడ్డ శ్వాసనాళానికి ఆనుకుని ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే మరో రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా నేను సైజు లెక్క పట్టుకుని కూర్చోను. పిల్లల విషయంలోనూ అంతే.

అపోహ: సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: అలా జరగడం అత్యంత అరుదు. ఇక్కడ ముక్క కోయం. రక్తం తీసే సూదికన్నా సన్ననిదానితో కొన్ని కణాలు తీస్తాం, అంతే. కణాలు చాలకపోతే మళ్లీ చేయాల్సి రావచ్చు. దానర్థం క్యాన్సర్ దాగి ఉందని కాదు.

అపోహ: పోయినేడు 11 మి.మీ., ఇప్పుడు 12. పెరిగిపోయింది!

వాస్తవం: కొలిచేవారు మారితే ఆ తేడా వస్తుంది. కనీసం రెండు కొలతల్లో 20 శాతం, ఒక్కోటీ కనీసం 2 మి.మీ. పెరిగితేనో, మొత్తం ఘనపరిమాణం 50 శాతం పెరిగితేనో పెరుగుదల అంటాం. అందుకే కుదిరితే స్కానింగ్ ఒకే చోట చేయించుకోండి, పాత ఫిల్ములు వెంట తెచ్చుకోండి.