ప్లగ్గు జిడ్డుగా ఉంటే బోరేనా?

కారు మిస్సింగ్ కొడుతోందని హైదరాబాద్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా మెకానిక్ ముందు విప్పేది స్పార్క్ ప్లగ్గునే. కొన నల్లగా, ఆయిల్ జిడ్డుతో మెరుస్తుంటే "రింగులు పోయినయ్ సార్, బోరుకొచ్చింది" అనేస్తాడు. అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ అరిగిందని, ఇంజన్ దించి బాగు చేయాలని. ఇంజన్ దించడమంటే ఇంటి బడ్జెట్ తలకిందులే. ఆ మాట ఒకప్పుడు చాలావరకు నిజం. ఇప్పుడెందుకు సరిపోదో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

పిస్టన్ రింగులు ఎంత బిగువుగా ఉన్నా కొంత గ్యాస్ కింద ఆయిల్ ఉండే గదిలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి జారుతూనే ఉంటుంది. పాత కార్లలో దాన్ని ఒక గొట్టంతో రోడ్డు మీదికే వదిలేసేవారు. ఆయిల్ ఆవిరి బయటికే పోయేది కాబట్టి, ప్లగ్గు తడిసిందంటే రింగుల్లోనో, ఇంజన్ వాల్వ్‌లు ఆడే వాల్వ్ గైడ్లలోనో అరుగుదల ఉన్నట్టే.

1950ల్లో లాస్ ఏంజెలెస్‌లో కళ్లు మండించే పొగకు కార్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు (కాలని ఇంధన ఆవిర్లు) కారణమని రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ పరిశోధన తేల్చింది. 1961 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో క్రాంక్‌కేస్ గ్యాస్‌ను పీసీవీ అనే చిన్న వాల్వ్ ద్వారా ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి మళ్లించి ఇంజన్‌లోనే కాల్చడం మొదలైంది. తర్వాత ఆ పద్ధతి మన కార్లలోకీ వచ్చింది. గాలికి ఎంతో మేలు జరిగింది. కానీ ఆయిల్ ప్లగ్గు దాకా చేరడానికి కొత్త దారి కూడా తెరుచుకుంది.

ఆ వాల్వ్ తెరుచుకునే ఉండిపోతే ఇన్‌టేక్ ఆయిల్ ఆవిరిని పీల్చేస్తుంది. మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూస్తే కొంత తెలుస్తుంది. మూతను లోపలి నుంచి పీల్చి పట్టినట్టుండి ఊడిరాకపోతే మొదటి రకం. పొగ గుప్పున తన్నుకొస్తే రెండోది కావచ్చు, రింగులే అరిగి ఉండొచ్చు కూడా. నాలుగు ప్లగ్గులూ ఒకేలా తడిస్తే నా అనుమానం ముందు పీసీవీ వాల్వ్ మీదే. ఒక్కటే తడిస్తే ఆ సిలిండర్‌ను చూడాలి.

ప్లగ్గు మీద ఆయిల్ జిడ్డు కాకుండా పొడి మసి ఉంటే అది వేరే సంగతి. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే మసి కాలిపోతుంది. అమీర్‌పేట, పంజాగుట్ట సిగ్నళ్ల మధ్యే తిరిగే కారుకు ఆ వేడి అందడం కష్టం.

ఇంజన్ దించడానికి సరేననే ముందు పీసీవీ వాల్వ్ విప్పి చూపించమనండి, సిలిండర్‌లో ప్రెషర్ కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. నాలుగు సిలిండర్ల రీడింగూ దగ్గరదగ్గరగా, కంపెనీ చెప్పిన స్థాయిలో ఉంటే, ముందు ఆ చిన్న వాల్వే మార్పించండి.