‘కితాయ్’ అంటే మనం

మలయ్ భాషలో తినడాన్ని ‘మకాన్’ అంటారు. బోర్నియో దీవిలో, మలేసియాకు చెందిన సరావాక్ రాష్ట్రంలో నదుల ఒడ్డున ఉండే ఇబాన్ ప్రజలు ‘మకాయ్’ అంటారు. నడవడం అక్కడ ‘జలాన్’, ఇక్కడ ‘జలాయ్’. రావడం ‘దతాంగ్’, ‘దతాయ్’. ఒకే కప్పు కింద ఎన్నో కుటుంబాలు కాపురముండే వాళ్ళ పొడవాటి ఇంటి పేరు ‘రుమా పాంజాయ్’. మలయ్‌లో అది ‘రుమా పాంజాంగ్’.

ఈ పోలిక చూసి ఇబాన్‌ను మలయ్‌కి ఒక యాస అనుకుంటే పొరపాటే. రెండూ మలాయిక్ అనే భాషాశాఖకు చెందిన అక్కచెల్లెళ్ళు. పైగా ఈ మార్పు అన్ని మాటల్లోనూ రాలేదు. చంద్రుడు ‘బులాన్’, చేప ‘ఇకాన్’: రెండు భాషల్లోనూ అంతే. మొదట్లోని హకారం మాత్రం ఇబాన్ నోట తరచు జారిపోతుంది. వాన ‘హుజాన్’ కాస్తా ‘ఉజాన్’ అవుతుంది. నీళ్ళకు ‘ఆయ్’ అని, చివర గొంతు టక్కున మూసేస్తారు. ఆ చిన్న ఆపు కూడా ఒక హల్లే.

తెలుగువాళ్ళకు నిజంగా దగ్గరగా తోచేవి సర్వనామాలు. ఎదుటివారిని కలుపుకుంటే ‘కితాయ్’, వదిలేస్తే ‘కామి’. అచ్చం మన ‘మనం’, ‘మేము’ లాగే! ఇంగ్లీషుకు లేని ఈ తేడా మనకు చిన్నప్పుడే పట్టుబడుతుంది కనుక ఇబాన్ నేర్చుకునే తెలుగువాడికి ఇక్కడ తడబాటు ఉండదు. మలయ్ తెలిసినవాడే తడబడతాడు. అతని ‘కిత’కు అర్థం ‘మనం’. ఇబాన్‌లో ‘కిత’ అంటే ‘మీరంతా’. ఒక్కరినే గౌరవంగా పిలవాలంటే ‘నువాన్’.

‘బెజలాయ్’ అన్న మాట నాకు మరీ ఇష్టం. పైకి చూస్తే దాని అర్థం నడవడమే. కానీ కుర్రవాడు ఇల్లు వదిలి, దూరదేశాల్లో పనిచేసి, అనుభవంతో, పేరుతో తిరిగి రావడాన్ని కూడా బెజలాయ్ అనే అంటారు. ఆ తిరిగి రావడం ‘పులాయ్’.

మాండలికాలకు చాలావరకు నదుల పేర్లే: సారిబాస్, స్క్రాంగ్. సరిహద్దు దాటి ఇండోనేసియా వైపు వెళితే కంతు, ముఆలాంగ్ వంటి దగ్గరి చుట్టాలు వినిపిస్తాయి.

ఇబాన్‌ను ఇప్పుడు రోమన్ లిపిలో రాస్తున్నారు. అయితే సారిబాస్ ప్రాంతానికి చెందిన డుంగింగ్ అనే ఆయన 1947లో తన భాషకంటూ ఒక అక్షరమాల కట్టారు. చాలా ఏళ్ళు మూలన పడి ఉన్న ఆ అక్షరాలకు ఈ శతాబ్దంలో కంప్యూటర్ ఫాంట్లు వచ్చాయి.